నవలకు పాటల తోడు

పద్యానికి రాగం తోడు కావడం తెలుగువారికి కొత్త కాదు. మన రంగస్థలంపై పద్యం రాగయుక్తంగానే రాణించినది. నవల అట్లు కాదు. అది ఏకాంతంలో, మౌనంగా చదువుకొనుటకు పుట్టిన ప్రక్రియ. అయినప్పటికీ ఈనాటి యువపాఠకులు పలువురు తాము చదివే నవలకు తగిన పాటలను ఏరి, వరుసగా కూర్చి వింటున్నారు. ఆ వరుసకే ‘ప్లేలిస్టు’ అని పేరు. ఈ అలవాటు పఠనానికి తోడా, పోటీయా అన్నది ఉపాధ్యాయులు ఆలోచింపదగిన ప్రశ్న.

పాటలను కూర్చుటకు సులభమైన మార్గం ఒకటున్నది. వియోగ ఘట్టానికొక విషాదగీతం, వాన కురిస్తే ఒక వానపాట. ఈ పాటలు ఏ నవలకైనా సరిపోతాయి. అనగా ఏ నవలకూ ప్రత్యేకంగా చెందవు. పైగా ఇందులో ఒక నష్టమున్నది. రచయిత చెప్పక విడిచిన దుఃఖాన్ని పాఠకుడు తన హృదయంతో పూరించుకోవాలి. పాట ముందుగా వచ్చి ఆ చోటును ఆక్రమిస్తే అతనికి మిగిలేదేమి? కష్టమైన మార్గం వేరు. ప్రతి పాటకూ ఆధారాన్ని నవలలోనే వెదకాలి.

ఇందుకు జపాన్ రచయిత హరుకి మురకామి నవల ‘1క్యూ84’ మంచి నిదర్శనం. 2009, 2010 సంవత్సరాలలో మూడు సంపుటాలుగా వెలువడిన ఈ నవలలోని కథ 1984లో నడుస్తుంది. జపాన్ భాషలో తొమ్మిదిని ‘క్యూ’ అంటారు, పేరులోని చమత్కారమదే. రచయిత కాకమునుపే టోక్యోలో జాజ్ సంగీతశాల నడిపిన మురకామికి పాట అలంకారం కాదు, కథకు ఆయువుపట్టు.

నవల ఆరంభంలో కథానాయిక అవోమామె ప్రయాణిస్తున్న టాక్సీ రహదారిపై నిలిచిపోతుంది. రేడియోలో చెక్ సంగీతకర్త యానాచెక్ 1926లో రచించిన ‘సిన్ఫోనియెట్టా’ వినవస్తుంది. ఆమె దానిని వెంటనే గుర్తుపడుతుంది. ఎట్లు గుర్తుపట్టినదో ఆమెకే తెలియదు. తరువాత కథానాయకుడు టెంగో గతం తెలుస్తుంది. పాఠశాల వాద్యబృందంలో అతడు ఇదే కృతికి ‘టింపనీ’ అనే పెద్ద భేరులు మ్రోగించినాడు. ఆ కృతి మొదటి భాగంలో వినిపించేవి లోహపు ఊదువాద్యాలు, ఈ భేరులు మాత్రమే. పదేళ్ల వయసులో విడిపోయిన ఇద్దరిని ఒక సంగీతం తెలియకుండానే ముడివేస్తున్నది. ఆ తొలి నాదం కృతి చివర మళ్లీ వస్తుంది. ఇది విన్న పాఠకునికి కథలోని నిరీక్షణ మరింత బోధపడుతుంది. నవల వెలువడిన పిమ్మట జపాన్‌లో ఈ కృతి రికార్డులకు గిరాకీ పెరగడంలో ఆశ్చర్యం లేదు.

ఈ నవలకు జత చేయదగిన రెండవ కృతి బాఖ్ రచించిన ‘వెల్ టెంపర్డ్ క్లావియర్’. దాని రెండు భాగాలలో ఒక్కొక్కదానికి 24 జంట రచనలు. నవలలో మొదటి రెండు సంపుటాలకూ ఒక్కొక్కదానికి 24 అధ్యాయాలే. అవి అవోమామె కథ, టెంగో కథ ఒకటి విడిచి ఒకటిగా నడుస్తాయి. ఇక మూడవది 1933 నాటి అమెరికన్ గీతం ‘ఇట్స్ ఓన్లీ ఎ పేపర్ మూన్’. కాగితపు చందమామను గూర్చిన ఈ గీతాన్ని రచయితే నవల ముఖపత్రంలో స్మరించినాడు. ఆకాశంలో రెండు చందమామలు కనిపించే కథకు ఇంతకన్న తగిన పాట దొరకదు.

పాటలు మూడే, కాని మూడింటికీ కారణాలున్నవి. తరగతిలో అడుగవలసినదీ ఆ కారణాలనే. ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’ (1922)లో పాటలు కథలోనే ఉన్నవి. ఆ నవల ఇచ్చి విద్యార్థిని మూడు ప్రశ్నలు అడుగవచ్చును. పాట ఎవరి నోట వచ్చినది? అప్పుడే ఎందుకు వచ్చినది? దానిని తొలగిస్తే కథకు కలిగే లోపమేమి? వీటికి జవాబు చెప్పగలిగిన పిమ్మట, బయటి పాట ఒకటి తానే ఎన్నుకొని, అది ఏ పుటకు ఎందుకు తగునో నాలుగు వాక్యాలు వ్రాయమనవచ్చును. ఆ నాలుగు వాక్యాల కోసం అతడు ఆ పుటను మళ్లీ మళ్లీ చదువక తప్పదు.

ఒక నియమం మాత్రం పాటించడం మేలు. చదివేటప్పుడు చదవాలి, పుస్తకం మూసిన పిమ్మట వినాలి.