పరీక్ష పిల్లలకా, అమ్మకా?

ఉగాది దగ్గర పడుతోందంటే అనకాపల్లిలో రెండు హడావిళ్లు. ఒకటి కొత్త అమావాస్యకి నూకాంబిక అమ్మవారి జాతర, రెండోది పదో తరగతి పరీక్షలు. జాతర ఊరందరిదీ. పరీక్షల బెంగ మాత్రం మన వంటింటిదే!

రాత్రి గడగడా అప్పజెప్పిన పిల్ల పొద్దున్న ఇడ్లీ ముట్టదు. "అమ్మా, కడుపులో తిప్పుతోందే, చదివిందంతా మర్చిపోయాను" అంటుంది. అది నాటకం కాదండీ. భయం వేస్తే ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది. గుండె దడదడలాడుతుంది, అరచేతులకి చెమట పడుతుంది, తిండి సయించదు. చదివింది ఎక్కడికీ పోలేదు, భయం అడ్డం నిలబడిందంతే.

అప్పుడు మనమేమంటాం? "ఎదురింటమ్మాయికి ఎన్నొచ్చాయో తెలుసా? నీకు తగ్గితే నాన్నగారికి ఏం చెప్పను?" అంటూ మన భయం కూడా దాని నెత్తిన పెడతాం.

మనం చేయగలిగినవి ఇవీ:

* రాత్రి పదింటికల్లా లైటు తీసేయండి. చదివింది మనసులో కుదురుకునేది నిద్రలోనే. హాల్ టికెట్, పెన్నులు అప్పుడే సర్దించండి.

* పొద్దున్న అలవాటైన టిఫినే పెట్టండి. సయించకపోతే మన ఊరి బెల్లం వేసిన రాగి జావ ఓ గ్లాసు చాలు.

* బెంగగా ఉంటే ఓ పది నిమిషాలు ఆ భయాన్నే కాగితం మీద రాయమనండి. అలా రాసి పరీక్షకి కూర్చున్న పిల్లలు మెరుగ్గా రాశారని 2011లో అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు తేల్చారు.

* హాల్లో కంగారనిపిస్తే నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలమనండి. ముందు వచ్చిన జవాబే రాయాలి.

* ఇంటికి రాగానే "ఎన్నొస్తాయి?" అనకండి. "కాళ్లు కడుక్కురా, అన్నం తిందువుగాని" అనండి.

ఇక ఫలితాల రోజు. 2019లో తెలంగాణలో ఇంటర్ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారని పత్రికలు రాశాయి. ఆ మార్కుల్లోనే తప్పులు దొర్లాయని తర్వాత బయటపడింది. మార్కుల కాగితాన్ని నమ్మి బిడ్డని పోగొట్టుకుంటామా?

తప్పిన సబ్జెక్టుకి ఆ వేసవిలోనే సప్లిమెంటరీ ఉంటుంది. ఆ సంగతి ఫలితాలొచ్చాక కాదు, ఇవాళే చెప్పండి. పిల్ల మాట్లాడకుండా మూలన కూర్చుంటే ఒంటరిగా వదలకండి. 14416 టెలి మానస్ నంబరుకి ఫోన్ చేస్తే ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు, ఖర్చేమీ ఉండదు. ఆ నంబరు క్యాలెండరు మీద రాసి పెట్టుకోండి.