ఒకసారి గీసిన దర్వాజా

ముస్తాబాదులో ఒక ఇంటికి పటము గీయుచున్నామనుకొందము. అందు దర్వాజాలు పది. పదింటిని విడివిడిగా గీసినచో, యజమాని మూడడుగుల వెడల్పును మూడున్నర చేయుమనిన నాడు పదిచోట్లను దిద్దవలెను. ఒకటి మరచినచో మేస్త్రీ ఆ తప్పునే గోడగా కట్టును.

ఈ చిక్కును తగ్గించునది బ్లాకు. మూలచిత్రమును మార్చినంతనే ప్రతులన్నియు మారు విధానమును ఐవాన్ సదర్లాండ్ 1963లోనే తన స్కెచ్‌ప్యాడ్‌లో చూపెను. 1982లో వెలువడిన ఆటోక్యాడ్‌లో నేడు బ్లాకు చేయు పనియు అదియే. గోడలోని ఖాళీని మాత్రము మనమే సవరించుకొనవలెను.

మేము పాటించు నియమములు కొన్ని కలవు. బ్లాకును సున్న లేయరులో, రంగు 'బై లేయర్'గా నుంచి గీయవలెను. అది చేరిన లేయరు రంగును గ్రహించును. ఆధారబిందువును బందు మూలయందుంచినచో దర్వాజా గోడయంచున సరిగా అమరును. 'ఎక్స్‌ప్లోడ్' చేసిన ప్రతికి మూలముతో బంధము తెగును. పిదప అది మారదు. వాడని బ్లాకులను 'పర్జ్'తో తొలగించినచో ఫైలు తేలికపడును. 'డబ్ల్యూబ్లాక్'తో వేరు ఫైలుగా దాచినది మరొక ఇంటికిని పనికివచ్చును.

1591 నాటి చార్మినారును చూడుడు: నాలుగు దిక్కుల నాలుగు పెద్ద కమానులు. దాని పటము గీయువారు ఒక కమానును శ్రద్ధగా గీసిన చాలును. విద్యార్థి మిత్రులారా, మొదటి ప్రతియందు చూపిన శ్రద్ధయే తక్కిన వానినన్నిటిని కాపాడును. అందలి తప్పును అన్నిటికిని పంచును.