రికార్డులలో మిగిలిన సాలూరివారి గొంతు

విజయనగరమున నా మిత్రుడొకడు ముప్పదియేండ్లుగా గ్రామఫోను రికార్డులు కూర్చుచున్నాడు. పాతసామానుల దుకాణమున ఒక రికార్డు చేజిక్కినచో, ముందుగా దానిని వెలుతురునకు వాలుగా పట్టి చూచును; దానిమీది సన్నని గాడులు నిగనిగలాడుచున్నవా, సూది రాపిడికి బూడిదరంగు తిరిగినవా యని. ఘంటసాల పద్యములకై ఆయన తొందరపడడు. అవి నేడు కోరినచోట వినబడును. ఆయన వేటయంతయు సాలూరి రాజేశ్వరరావుగారు స్వయముగా పాడిన లలితగీతములకై.

అమెరికాలో తన పాటను తానే కట్టి పాడుకొను గాయకుల పాత రికార్డులకై ఆరాటపడువారు వేలకొలది గలరు. 1962లో వచ్చిన బాబ్ డిలన్ మొదటి ఆల్బములో ఆయన స్వంతరచనలు రెండే యైనను, దాని తొలిప్రతికి గల గిరాకి యింతంత కాదు. సాలూరివారికి సాహిత్యము ఇతరులిచ్చినదే. బాణీ మాత్రము తమది, గొంతును తమదే. ఆ అమెరికా గాయకులకు మన ప్రాంతమున ఇంతకంటె దగ్గరి చుట్టము నాకు కనబడలేదు.

ఆయన 1922లో సాలూరు చెంత శివరామపురమున జన్మించెను. బాల్యముననే, 1933-34 ప్రాంతమున, హచిన్స్ కంపెనీవారు బెంగుళూరునకు గొనిపోయి పాడించిరి. 1935లో ‘శ్రీకృష్ణలీలలు’ చిత్రమున కృష్ణుడాయెను. తరువాత ఒంటరిగాను, రావు బాలసరస్వతీదేవితో జంటగాను పాడిన గీతములు ఆంధ్రదేశమంతట మ్రోగినవి. పిదప ‘మల్లీశ్వరి’ (1951), ‘మిస్సమ్మ’ (1955) వచ్చినవి. బాణీలు ఆయనవే, గొంతులు ఘంటసాలవి, భానుమతివి, మా విజయనగరపు సుశీలవి. సంగీతదర్శకుడు పెరిగినకొలది గాయకుడు మరుగుపడెను. ఆ పడుచు గాయకుని వినగోరువారికి ఈ రికార్డులే దిక్కు.

ఆ దిక్కు ఎంత పెళుసో వినుడు. పదియంగుళముల బిళ్ల, నిమిషమునకు 78 చుట్లు, ప్రక్కకు మూడు నిమిషముల పాట. ముడిసరకు మన దేశపు చెట్లకొమ్మలపై పురుగులు పెట్టు లక్కయే. చేయిజారినచో ముక్కలగును. స్పిరిటుతో తుడిచితిమా, లక్క కరగి పాటయే పోవును. శుభ్రము చేయబోయి పాడుచేసికొన్నవారు కలరు. సముద్రపు తేమకు బూజు పట్టును. అన్నిటికంటె చిక్కు సూదితో. ఉక్కుసూది పాటను వినిపించుచునే గాడిని అరగదీయును.

అందుచే నా మిత్రుడు మంచి రికార్డులను ఎవరికిని వినిపింపడు. తేలికసూదితో ఒకమారు కంప్యూటరులోనికి ఎక్కించి, కాగితపు సంచిలో నిలువుగా పెట్టివేయును. ఇది నాకు సమ్మతము గాక వాదించితిని.

“నీకు ఒక్కమారు వినిపించితినా, నా తరువాతివానికి ఆ మేరకు తగ్గును” అనెను.

అయినను నా పట్టు చూచి, పగులుబారిన యొక రికార్డును అటకపైనుండి దింపెను. సాలూరివారి గొంతు లేతగా, తొందరలేక వచ్చినది. పగులుమీదికి సూది వచ్చినప్పుడెల్ల ‘టిక్కు’మను చప్పుడు, సెకనునకు ఒకమారుకంటె నెక్కువే. కొంతసేపటికి ఆ చప్పుడు మాకు వినబడుట మానినది. పాట ముగిసిన పిదప ఆయన అరిగిన సూదిని తీసి పారవైచి, “రెండవప్రక్క వేయుదునా?” అని అడిగి, నా జవాబునకై కాచియుండక క్రొత్తసూది బిగించెను.