పచ్చబొట్టు: భయం ఒకచోట, ప్రమాదం మరోచోట

కొడుకో కూతురో ముంజేతి మీద టాటూ వేయించుకుని ఇంటికొస్తే ముందుగా మూడు ప్రశ్నలు ఎదురవుతాయి. ‘రేపు ఉద్యోగం ఎవడిస్తాడు?’, ‘ఎవరికైనా రక్తం ఇవ్వాల్సొస్తే?’, ‘సంబంధానికొచ్చేవాళ్లు ఏమనుకుంటారు?’ సూది ప్యాకెట్ నీ ముందే విప్పారా, ఇంకు ఎందులోంచి తీశారు, ఏ చేతికి వేయించుకున్నావు అని అడిగే ఇల్లు మాత్రం అరుదు. టాటూ విషయంలో మన తంటా అంతా ఇదే. భయపడాల్సిన చోట ధీమాగా ఉంటాం, అక్కర్లేని చోట హడలిపోతాం. చాలాకాలంగా చెలామణీలో ఉన్న కొన్ని నమ్మకాలను ఒక్కొక్కటిగా చూద్దాం.

అపోహ 1: టాటూ నిన్నమొన్న వచ్చిన విదేశీ మోజు.

వాస్తవం: కొత్తగా వచ్చింది మిషనూ, ఏసీ స్టూడియోనే. పచ్చబొట్టు మన ఊళ్లలో ఎప్పటినుంచో ఉంది. ఎరుకల స్త్రీలు ఊరూరా తిరిగి పచ్చబొట్లు పొడిచేవారు. ఆదిలాబాద్ గోండు గూడేల్లో ఆ పని తోటి తెగ స్త్రీలది. దీపం మసిని ఆకుపసరులో కలిపి, రెండు మూడు సూదులు దారంతో కట్టి, గడ్డం మీద చుక్కో, ముంజేతి మీద తేలో, తోబుట్టువు పేరో పొడిచేవారు. పోయేటప్పుడు నగలన్నీ ఒలిచేసుకుంటారు, వెంట వచ్చేది పచ్చబొట్టు ఒక్కటేనని మన పెద్దవాళ్లు నమ్మేవారు. నల్లటి మసి చర్మం అడుగున చేరాక ఆకుపచ్చగా, నీలంగా కనిపించడానికి కారణం వెలుతురు చర్మంలో చెదిరే తీరు.

ప్రపంచంలో చూస్తే చరిత్ర ఇంకా వెనక్కి పోతుంది. 1991లో ఆల్ప్స్ పర్వతాల మంచులో దొరికిన ‘ఓట్జీ’ అనే మనిషి దేహం సుమారు 5,300 ఏళ్ల నాటిది. దాని మీద 61 పచ్చబొట్లు లెక్కతేలాయి. కరెంటుతో నడిచే టాటూ మిషన్‌కు న్యూయార్క్‌లో శామ్యూల్ ఓరైలీ పేటెంటు తీసుకున్నది 1891లో. అంటే మిషన్ వయసు నూట ముప్ఫై ఏళ్ల పైచిలుకు మాత్రమే.

అపోహ 2: ఒంటి మీద బొమ్మలుంటే రౌడీయే.

వాస్తవం: ఈ అనుమానానికి ఒక చరిత్ర ఉంది. 1797 నాటి నిబంధన కింద ఈస్టిండియా కంపెనీ పాలకులు బెంగాల్ ప్రెసిడెన్సీలో యావజ్జీవ ఖైదీల నుదుటి మీద నేరం పేరు పచ్చబొట్టుగా పొడిపించారు. ఆ పద్ధతిని 1849లో రద్దు చేశారు. ఊరి ఆడవాళ్లు ముచ్చటపడి వేయించుకునే బొట్టును ప్రభుత్వం శిక్షగా మార్చిందన్నమాట. శిక్ష పోయినా అనుమానం నిలిచింది. ఈరోజు టాటూ వేయించుకునేవారిలో అమ్మ పేరు రాయించుకునే డిగ్రీ కుర్రాడు, అభిమాన హీరో సంతకాన్ని గుండె మీద పెట్టుకునే ఆటో డ్రైవరు, కాన్పు కోత మచ్చను పూలతీగతో కప్పించుకునే తల్లి ఉన్నారు. బొమ్మ చూసి మనిషి నడత చెప్పడం జాతకం చెప్పడంతో సమానం.

అపోహ 3: టాటూ ఉంటే ప్రభుత్వ ఉద్యోగం రానేరాదు.

వాస్తవం: అంత మాట అనలేం. కానీ యూనిఫాం ఉద్యోగాలకు కచ్చితమైన నియమాలున్నాయి. వాటిని ఎక్కువమంది మెడికల్ పరీక్ష రోజున గానీ తెలుసుకోరు.

భారత సైన్యంలో చేరేవారికి శాశ్వత టాటూ రెండుచోట్లే అనుమతిస్తారు. ఒకటి మోచేయి నుంచి మణికట్టు దాకా ముంజేతి లోపలివైపు, రెండోది అరచేతికి వెనుకవైపు. భుజం, మెడ, ఛాతీ, కాలు కుదరవు. షెడ్యూల్డ్ తెగల అభ్యర్థులకు వారి ఆచారాన్ని బట్టి వెసులుబాటు ఉంది. కాబట్టి చిన్నప్పుడు గూడెంలో పొడిపించుకున్న గోండు యువకుడు ముందే నిరుత్సాహపడి దరఖాస్తు మానుకోనక్కర్లేదు.

సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్, సీఐఎస్ఎఫ్ వంటి కేంద్ర బలగాలకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ ఇచ్చే కానిస్టేబుల్ నోటిఫికేషన్లలో మరో మెలిక ఉంది. ముంజేతి మీదైతే ఎడమ చెయ్యే. ఎందుకంటే సెల్యూట్ కొట్టేది కుడిచేత్తో. మతచిహ్నం, పేరు వంటివి ఫర్వాలేదు. సైజు మాత్రం చేతిలోని ఆ భాగంలో నాలుగో వంతు దాటకూడదు. అదే బొమ్మ, అదే సైజు, అదే ఆర్టిస్టు. ఎడమ ముంజేతి మీద ఉంటే పాసు, కుడి ముంజేతి మీద ఉంటే అన్‌ఫిట్.

కుడి ముంజేతి మీద టాటూ ఉందని పక్కన పెట్టిన ఒక ఢిల్లీ పోలీసు కానిస్టేబుల్ అభ్యర్థి కేసు 2024లో ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లింది. న్యాయమూర్తులు ఆ చెయ్యి స్వయంగా చూసి, గుర్తు కంటికి ఆనడం లేదంటూ అభ్యర్థి పక్షాన తీర్పిచ్చారు. అందరికీ కోర్టుకెక్కే ఓపిక, డబ్బు ఉండవు. కోచింగ్‌లో చేరే ముందే నోటిఫికేషన్లో టాటూ పేరా చదువుకోవడం సులువు.

అపోహ 4: ప్రైవేటులో, ముఖ్యంగా ఐటీలో, ఎవరూ పట్టించుకోరు.

వాస్తవం: సగమే నిజం. పట్టింపు ఎంతన్నది కంపెనీ కంటే కుర్చీని బట్టి ఉంటుంది. కోడ్ రాసేవాడి మోచేతిని టీమ్‌లో ఎవరూ చూడరు. అదే సంస్థలో క్లయింటు ముందు కూర్చునేవారికి ‘ఫుల్‌హ్యాండ్స్ వేసుకో’ అన్న మాట వినపడుతుంది. ఎయిర్ హోస్టెస్, హోటల్ ఫ్రంట్ డెస్క్, బంగారం షోరూం, ప్రైవేటు బ్యాంకు కౌంటర్ వంటి చోట్ల కనిపించే టాటూకు అభ్యంతరం ఇప్పటికీ మామూలే. విదేశాల్లో మార్పు వస్తోంది. ఎయిర్ న్యూజిలాండ్ 2019 నుంచి, వర్జిన్ అట్లాంటిక్ 2022 నుంచి సిబ్బంది టాటూలు కనిపించినా ఒప్పుకుంటున్నాయి. ఎయిర్ న్యూజిలాండ్ నిర్ణయం వెనుక అక్కడి మూలవాసులైన మావోరీల ముఖాల మీది సంప్రదాయ పచ్చబొట్టుకు దక్కాల్సిన గౌరవం కూడా ఉంది. 

మన దగ్గర టాటూ కారణంగా ఉద్యోగం నిరాకరించిన ప్రైవేటు యజమానిని నిలదీయడానికి ప్రత్యేక చట్టమంటూ లేదు. అందుకే మొదటి టాటూ చొక్కా చేతుల కింద దాగేచోట వేయించుకోవడం తెలివైన పని. మెడ, వేళ్లు, ముఖం మీద అడిగితే అనుభవమున్న ఆర్టిస్టులే చాలామంది ‘ముందు ఉద్యోగంలో కుదురుకోండి, తర్వాత రండి’ అంటారు. వేళ్ల మీద ఇంకు సరిగా నిలవదు కూడా.

అపోహ 5: కనిపించేలా వేయించుకున్నారంటే అడగమనేగా!

వాస్తవం: బస్సులో పక్క సీటాయన ‘ఏంటమ్మా ఇది’ అంటూ చెయ్యి పట్టుకుని తిప్పి చూడటం, ఫంక్షన్లో పెద్దత్తయ్య తడిగుడ్డతో రుద్ది ‘పోదా?’ అనడం టాటూ ఉన్న ఆడపిల్లలకు అలవాటైన సంగతులే. బొమ్మ కనిపించినంత మాత్రాన చెయ్యి పట్టుకునే చనువు వచ్చేయదు. అర్థం చెప్పడం, చెప్పకపోవడం వాళ్లిష్టం. ‘బాగుంది, ఎక్కడ వేయించుకున్నావు?’ అని నోటితో అడిగితే చాలామంది ఆనందంగా చెబుతారు. పెళ్లిచూపుల్లోనైతే అటువైపు వాళ్లకు ముందే ఒక మాట చెప్పేస్తే తర్వాత పంచాయితీ ఉండదు.

అపోహ 6: దేవుడి బొమ్మ ఒంటి మీద ఎక్కడున్నా పుణ్యమే.

వాస్తవం: ఎక్కడ అన్నదే చాలామందికి పట్టింపు. 2015లో బెంగళూరులో ఒక ఆస్ట్రేలియా యువకుడు కాలి మీద ఎల్లమ్మ బొమ్మతో రెస్టారెంటుకు వెళ్తే కొందరు చుట్టుముట్టి గొడవకు దిగారు. 2014లో చేతి మీద బుద్ధుడి టాటూ ఉన్న బ్రిటిష్ పర్యాటకురాలిని శ్రీలంక వెనక్కి పంపేసింది. ఆ గొడవ, ఆ బహిష్కరణ న్యాయమా కాదా అన్నది వేరే చర్చ. నడుం కిందకు దేవతా రూపాలు వద్దని మన ఆర్టిస్టులు చాలామంది ముందే చెప్పేస్తారు.

అపోహ 7: టాటూ ఉన్నవారు జీవితంలో రక్తం ఇవ్వకూడదు.

వాస్తవం: ఇవ్వొచ్చు, కొంతకాలం ఆగాలి. మన దేశంలో బ్లడ్ బ్యాంకులు సాధారణంగా ఏడాది ఆగమంటాయి. సూది ద్వారా ఏదైనా వైరస్ సోకి ఉంటే తొలి రోజుల్లో పరీక్షకు దొరక్కపోవచ్చు, అందుకే ఈ గడువు. అమెరికాలో ఈ గడువును 2020లో 12 నెలల నుంచి 3 నెలలకు తగ్గించారు. క్యాంపులో టాటూ సంగతి దాచకుండా తేదీ చెప్పేయడమే దాత చేయాల్సింది.

అపోహ 8: కొత్త సూది వాడితే చాలు, ఏమీ కాదు.

వాస్తవం: అసలు భయపడాల్సింది ఇక్కడే. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట, ఎండిన రక్తపు మరకలో కూడా కనీసం ఏడు రోజులు బతికి ఉండగలదు. సూది మార్చి, ముందు మనిషికి ముంచిన ఇంకు బుడ్డీలోనే ముంచితే కొత్త సూది కొన్నందుకు ఫలితమేముంది? జాతరలో చెట్టు కింద, బీచ్‌లో చాప మీద జరిగేది ఎక్కువగా ఇదే.

మంచి స్టూడియోలో పని ఇలా సాగుతుంది. ఆర్టిస్టు చేతులు కడుక్కుని గ్లవ్స్ తొడుగుతాడు. సీలు వేసిన సూది ప్యాకెట్‌ను గడువు తేదీ చూపించి మీ కళ్లముందే చింపుతాడు. వేలి తొడుగంత ప్లాస్టిక్ కప్పుల్లో మీకు సరిపడా ఇంకు పోస్తాడు, మిగిలింది పారబోస్తాడు తప్ప తిరిగి సీసాలో పోయడు. మిషన్‌కూ, దాని వైరుకూ, కుర్చీకీ ప్లాస్టిక్ చుట్టి ఉంటుంది. ఆ చోట గొరిగే బ్లేడు కూడా కొత్తదే. మధ్యలో ఫోన్ మోగితే గ్లవ్స్ తీసి మాట్లాడి, కొత్త జత తొడుక్కుని మళ్లీ మొదలెడతాడు. ఆ గ్లవ్స్‌తోనే ఫోన్ ఎత్తాడంటే అడ్వాన్సు పోయినా లేచి రావాలి. బోర్డు పెట్టిన ప్రతి దుకాణాన్నీ ఎవరో తనిఖీ చేసి ఉంటారని అనుకోవద్దు. తనిఖీ చేయాల్సింది మీరే. హెపటైటిస్ బికి టీకా ఉంది, ముందే వేయించుకోవచ్చు. షుగర్ అదుపులో లేనివారు, దెబ్బ తగిలితే మచ్చ ఉబ్బిపోయే కెలాయిడ్ తత్వం ఉన్నవారు డాక్టరును అడగకుండా కూర్చోకూడదు.

అపోహ 9: భయమైతే నల్ల మెహందీ టాటూ వేయించుకోవచ్చు, దానికి సూదే ఉండదు.

వాస్తవం: సూది ఉండదు, రసాయనం ఉంటుంది. గోరింటాకు పండితే ఎరుపో, గోధుమరంగో వస్తుంది తప్ప నలుపు రాదు. గంటలో కారునలుపు తేలేలా చేసే కోన్లలో తరచుగా కలిపేది పీపీడీ అనే హెయిర్‌డై రసాయనం. దానివల్ల కొందరికి బొమ్మ గీసిన గీతల వెంటే బొబ్బలు లేచి, మచ్చలు మిగులుతాయి. ఒకసారి ఆ అలర్జీ పట్టుకుంటే ఏళ్ల తర్వాత జుట్టుకు రంగేసుకున్నా ముఖం వాచిపోవచ్చు. పిల్లల చేతుల మీద వేయించేటప్పుడు ఇది మరీ గుర్తుంచుకోవాలి.

అపోహ 10: టాటూ ఉంటే ఎంఆర్ఐ తీయరు, కాన్పులో వెన్నుకు మత్తు ఇవ్వరు.

వాస్తవం: రెండూ చేస్తారు. కొన్ని రంగుల్లోని లోహపు అంశం వల్ల ఎంఆర్ఐలో వేడి పుట్టే అవకాశం లేకపోలేదు. కానీ 2019లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనంలో టాటూలున్న 330 మందికి స్కాన్ చేస్తే, టాటూ వల్ల స్వల్పంగా ఇబ్బంది పడింది ఒక్కరే. టెక్నీషియన్‌కు ముందు చెప్పాలి, చురుక్కుమంటే వెంటనే బజర్ నొక్కాలి. నడుం మీద టాటూ ఉంటే మత్తు డాక్టరు ఇంకు లేని చర్మం చూసుకుని సూది దించుతారు.

అపోహ 11: నచ్చకపోతే క్రీమ్ రాసో, లేజర్ కొట్టించో చెరిపేయొచ్చు.

వాస్తవం: ఇంకు ఉండేది పైపొరలో కాదు, ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతున, రెండో పొరలో. అక్కడి మాక్రోఫేజ్ కణాలు ఇంకును మింగి పట్టి ఉంచుతాయి. ఆ కణాలు చచ్చినా, వదిలిన ఇంకును కొత్త కణాలు అందుకుంటాయని ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు 2018లో ఎలుకల్లో చూపించారు. పైన రాసిన క్రీమ్ అంత లోతుకు చేరదు. సున్నం, యాసిడ్ పెట్టి కాల్చుకుంటే టాటూ ఉన్నచోట పుండు, పుండు మానాక మచ్చ మిగులుతాయి.

లేజర్ పనిచేస్తుంది, కానీ ఒక్క సిట్టింగ్‌తో తేలదు. వారాల ఎడంతో పలు సిట్టింగులు కావాలి. వేయించుకున్నదానికి ఎన్నో రెట్లు ఖర్చవుతుంది. నలుపు తొందరగా వదులుతుంది, ఆకుపచ్చ, పసుపు మొండికేస్తాయి. మనలాంటి చామనఛాయ, నలుపు చర్మాల్లో రంగు పోయి తెల్లమచ్చ పడే ముప్పు ఎక్కువ. అందుకని పార్లర్లో కాక, మన చర్మానికి తగిన లేజర్ తెలిసిన చర్మవైద్యుల దగ్గరే చేయించుకోవాలి. చాలామందికి చెరపడం కంటే పాతదాన్ని కొత్త బొమ్మలో కలిపేసే ‘కవర్ అప్’ మేలనిపిస్తుంది. ప్రేమించినవారి పేరు మార్పించుకునేందుకు వచ్చేవాళ్లు ప్రతి స్టూడియోకూ ఉంటారు.

కాబట్టి వేయించుకోవాలా వద్దా అన్నది ఎవరికి వారు తేల్చుకోవాల్సిందే. తేల్చుకున్నాక మాత్రం పని క్రమంలో జరగాలి. రాయబోయే ఉద్యోగ పరీక్ష నోటిఫికేషన్ ముందు చదవండి. డిజైన్‌ను కొన్ని నెలలు ఫోన్లో పెట్టుకుని రోజూ చూసుకోండి. స్టూడియోకు ఒకసారి ఊరికే వెళ్లి, వేరేవాళ్లకు ఎలా వేస్తున్నాడో కూర్చుని గమనించండి. వేయించుకున్నాక రెండు మూడు వారాలు ఈతకూ ఎండకూ దూరంగా ఉండండి, పక్కు గోకకండి. చీము పట్టినా, జ్వరం వచ్చినా ఆర్టిస్టుకు ఫొటో పంపి ఊరుకోకుండా డాక్టరు దగ్గరకు వెళ్లండి. ఇంట్లో పెద్దవాళ్లకూ ఒక మనవి: తిట్టేముందు, సూది ప్యాకెట్ ఎవరు విప్పారో అడగండి.