ఖాళీ సీటే కదా, కూర్చుంటే ఏం పోతుంది? చిన్న విమానాల బరువు లెక్క

హైదరాబాద్ నుంచి రాజమండ్రికో కడపకో ఏటీఆర్ విమానంలో వెళ్లినవాళ్లకి ఇది ఎదురయ్యే ఉంటుంది. సగం సీట్లు ఖాళీ. మనం హాయిగా వేరే వరుసలోకి మారతాం. ఎయిర్‌హోస్టెస్ వచ్చి, "సర్, టేకాఫ్ అయ్యేదాకా మీ సీట్లోనే కూర్చోండి" అంటుంది. మనకి చిరాకు. ఖాళీ సీటే కదా, ఏం పోతుంది అనుకుంటాం. ఏం పోతుందో ఈ రోజు చూద్దాం.

కావడి మోసేవాళ్లని చూశారా? రెండు బుట్టల్లో బరువు సమానంగా ఉంటే నడక సాఫీగా సాగుతుంది. వెనక బుట్టలో నాలుగు ఇటుకలు ఎక్కువ పడితే కర్ర వెనక్కి వాలిపోతుంది. విమానం కూడా అంతే. మనుషులు, బ్యాగులు, ఇంధనం, అన్నీ కలిపిన బరువు ఒక బిందువు దగ్గర తూగుతుంది. దాన్నే సెంటర్ ఆఫ్ గ్రావిటీ అంటారు. అది కంపెనీ చెప్పిన హద్దుల్లోనే ఉండాలి. ముందుకి జరిగితే టేకాఫ్‌లో ముక్కు లేవడం కష్టం. వెనక్కి జరిగితే ఇంకా డేంజర్. ముక్కు అదుపు తప్పి పైకి లేస్తుంది, రెక్కల మీద గాలి పట్టు వదిలేస్తుంది, విమానం పడిపోతుంది. దీన్నే స్టాల్ అంటారు.

ఇది నిజంగా జరిగింది. 2003 జనవరి 8న అమెరికాలోని షార్లెట్‌లో ఎయిర్ మిడ్‌వెస్ట్ 5481 అనే ఫ్లైట్ టేకాఫ్ అయింది. బీచ్‌క్రాఫ్ట్ 1900డి, 19 సీట్ల విమానం. నిమిషం కూడా తిరక్కుండానే కూలిపోయింది. అందులో ఉన్న 21 మందీ చనిపోయారు.

దర్యాప్తులో రెండు తప్పులు బయటపడ్డాయి. ఒకటి, తోక దగ్గర ముక్కుని పైకీ కిందకీ ఆడించే ఎలివేటర్ కేబుల్‌ని రిపేర్‌లో తప్పుగా బిగించారు. దాంతో ముక్కుని కిందకి దించే శక్తి తగ్గిపోయింది. రెండోది బరువు. ప్రయాణికుల్ని తూచలేదు, "ఒక్కొక్కరు సగటున ఇంత" అని లెక్కేశారు. అది అప్పటి రూలే! కానీ నిజం మనుషులు ఆ సగటు కంటే బరువుగా ఉన్నారు. తర్వాత లెక్క తీస్తే విమానం 260 కిలోలకి పైగా ఓవర్‌లోడ్, బరువేమో హద్దు దాటి వెనక్కి పడింది.

గమనించారా? రిపేర్ తర్వాత అదే విమానం 9 సార్లు ఎగిరి క్షేమంగానే దిగింది. ఆ రోజు వెనక బరువు కూడా తోడయ్యేసరికి దించాల్సిన ముక్కు దిగలేదు. ఆ తర్వాత అమెరికాలో సగటు బరువుల లెక్కల్ని పెంచారు.

పెద్ద విమానంలో ఇదే తేడా అంతగా తెలియదు. ఎయిర్‌బస్ ఏ320 దాదాపు 78 టన్నులతో ఎగరగలదు. 1900డి పరిమితి 8 టన్నుల లోపే. ఏనుగు మీద బస్తా వేరు, మేకపిల్ల మీద బస్తా వేరు కదా!

ఇక నేల మీద సంగతి. ఏటీఆర్ 72లో మనం వెనక తలుపు నుంచి ఎక్కుతాం. ముందు బ్యాగులు దించేశాక వెనక జనం గుమిగూడితే తోక కిందకి వాలొచ్చు. అందుకే తోక కింద ఒక స్టాండ్ పెడతారు. చక్రాలు కదలకుండా దిమ్మలు అడ్డం పెడతారు. విమానం మీద ఎర్ర లైటు మెరుస్తోందంటే ఇంజిన్ తిరుగుతోంది, లేదా తిరగబోతోంది అని అర్థం. స్పీడుగా తిరిగే ప్రొపెల్లర్ రెక్కలు కంటికి దాదాపు కనపడవు. కాబట్టి సెల్ఫీ కోసం గీత దాటొద్దు ఫ్రెండ్స్, ప్లీజ్.

మరి మనం చేయాల్సింది ఏంటి? బ్యాగు బరువు దాచొద్దు. కౌంటర్ దగ్గర తూచాక, ఫ్రెండ్ బ్యాగులోంచి మన బ్యాగులోకి సామాను మార్చొద్దు. పవర్ బ్యాంక్ చెక్-ఇన్ బ్యాగులో వేయొద్దు, చేతి బ్యాగులోనే ఉంచుకోండి. నిప్పు అంటుకుంటే కిందున్న సామాను దగ్గరికి ఎవరూ వెళ్లలేరు. సిబ్బంది చూపించిన దారిలోనే నడవండి.

ఈసారి ఎవరైనా "మీ సీట్లోకి వెళ్లండి" అంటే చిరాకు పడకండి. అది మర్యాద తక్కువై అన్న మాట కాదు, మిమ్మల్ని క్షేమంగా ఇంటికి చేర్చే లెక్క. మళ్లీ కలుద్దాం, జాగ్రత్త!