చిన్న రైలు లైన్ల ఖర్చు ఎవరు మోస్తారు?

ధూళిమిట్టలో రైల్వే స్టేషన్ లేదు. హైదరాబాద్‌లో ఆసుపత్రికైనా, రంజాన్ కొనుగోళ్లకైనా రోడ్డు మీదే బయల్దేరాలి. జిల్లా కేంద్రం సిద్దిపేటకు మాత్రం 2023 అక్టోబర్ 3న రైలు వచ్చింది. ఇది 151 కిలోమీటర్ల మనోహరాబాద్–కొత్తపల్లి లైన్‌లో భాగం. ఒప్పందం ప్రకారం భూమి, నిర్మాణ ఖర్చులో మూడో వంతు రాష్ట్రానివే. రైళ్లు నడిచే మొదటి అయిదేళ్లలో నష్టం వస్తే అదీ రాష్ట్రానిదే.

అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ చిన్న లైన్లు ఎక్కువగా ప్రైవేటు కంపెనీలవి. అవి పట్టాల మరమ్మతుకు ఖర్చు పెడితే, అందులో కొంత కట్టాల్సిన పన్నులోంచే తగ్గిస్తారు. 2004 చట్టంతో వచ్చిన ఈ రాయితీని 2020లో శాశ్వతం చేశారు. మొదట 50 శాతం, 2023 నుంచి 40 శాతం. ఏడాదికి మైలుకు 3,500 డాలర్లు మించకూడదు.

అక్కడ ప్రభుత్వం పన్ను వదులుకుంటుంది, ఇక్కడ ఖజానా నుంచి ఇస్తుంది. రెండూ జనం సొమ్మే. అందుకే అయిదేళ్ల తర్వాత నష్టం ఎవరిదని మన ప్రజాప్రతినిధులను ఇప్పుడే అడగాలి.