గాజు గోడల వెనుక చీమల సంసారం

వాకిట బియ్యపుపిండితో ముగ్గు వేస్తే చీమలకు ఆహారమవుతుందని మన పెద్దలు చెప్పేవారు. అదే ఇంట్లో వంటగది బీరువా కాళ్ళ కింద నీటి గిన్నెలు పెట్టి, చీమలు పైకెక్కకుండా చూసేదీ మనమే. ఇలా ఒక చేత్తో పోషిస్తూ మరొక చేత్తో దూరంగా ఉంచిన ఈ చిరుప్రాణిని ఇంట్లోనే పెంచి పరిశీలించడం నేడు పలు దేశాలలో ఒక అభిరుచిగా వ్యాపించింది.

ఈ అభిరుచికి దారి చూపినవారిలో ముఖ్యుడు ఇంగ్లండుకు చెందిన సర్ జాన్ లబ్బక్. ఆయన వృత్తిరీత్యా బ్యాంకరు, పార్లమెంటు సభ్యుడు. 1871లో బ్యాంకు సెలవుల చట్టాన్ని ప్రతిపాదించి ఉద్యోగులకు విశ్రాంతి దినాలు సంపాదించిపెట్టిన ఆ మహాశయుడు, తన తీరిక వేళలను చీమల అధ్యయనానికి వినియోగించాడు. రెండు గాజు పలకల మధ్య కొద్దిపాటి మట్టి ఉంచి, అందులో చీమలను పెంచి, తాను గమనించిన విశేషాలను 1882లో గ్రంథంగా వెలువరించాడు. ఆయన పోషణలో ఒక రాణి చీమ దాదాపు 15 సంవత్సరాలు జీవించింది.

చీమల కుటుంబానికి ప్రాణం రాణి. గుడ్లు పెట్టి సంతతిని నిలిపేది ఆమె. పిల్లలు ఉత్సాహంతో పది శ్రామిక చీమలను పట్టి సీసాలో వేస్తే, అవి క్రమంగా నశించడమే తప్ప సంసారం ఏర్పడదు. రాణి కోసం పుట్టను తవ్వితే ఉన్న కుటుంబం కాస్తా చెదిరిపోతుంది. తొలకరి వానల తరువాత రెక్కల చీమలు జంటకట్టడానికి ఎగురుతాయి. ఆపై రెక్కలు రాల్చుకొని నేలపై ఒంటరిగా తిరిగే రాణిని తెచ్చుకోవడమే ఉత్తమం. అయితే వానాకాలంలో దీపాల చుట్టూ మూగే ఉసిళ్ళు చీమలు కావు, చెదపురుగులు. సన్నని నడుము, మోచేయిలా వంగిన మీసాలు చీమకు గుర్తులు. క్రొత్తవారికి గండుచీమ అనుకూలం. మంటపుట్టేలా కుట్టే ఎర్రచీమలను పిల్లలున్న ఇంట్లో పెంచకపోవడమే మేలు.

రాణికి తొలి నివాసం ఒక గాజు పరీక్షనాళిక. అందులో మూడవ వంతు నీరు పోసి, నీటిని తాకేలా దూదిని గట్టిగా దూర్చాలి. మిగిలిన ఖాళీలో రాణిని విడిచి, మూతి వద్ద మరొక దూది ఉండ పెట్టాలి. తరువాత నాళికను చీకటిలో, కదలికలేని చోట ఉంచాలి. గండుచీమ రాణికి ఈ దశలో ఆహారం అక్కరలేదు. ఇక ఉపయోగపడని రెక్కల కండరాలను కరిగించుకొని, ఆ శక్తితోనే తొలి సంతానాన్ని పోషిస్తుంది. సుమారు నెలన్నర, రెండు నెలలకు మొదటి శ్రామికులు వెలువడతాయి. అంతవరకు మాటిమాటికీ తీసి చూస్తే, బెదిరిన రాణి తన గుడ్లను తానే తినివేయవచ్చు. వారానికొకసారి చూడడం చాలు.

శ్రామికుల సంఖ్య ఇరవై ముప్ఫైకి చేరిన పిమ్మట గూడు అమర్చవచ్చు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ దిమ్మెలో చిన్న గదులు, వాటిని కలిపే దారులు మలచి, పైన గాజు పలక బిగించాలి. ఇక్కడ మన కొలమానాలు పనికిరావు. విశాలమైన, వెలుతురు నిండిన ఇల్లు మనకు సౌఖ్యం. చీమకు మాత్రం ఇరుకైన, చీకటి, చెమ్మగల గదే హాయి. గూడు మరీ పెద్దదైతే మిగులు గదులను చీమలు చెత్తకుప్పలుగా మారుస్తాయి. దిమ్మెలో ఒక అంచును మాత్రమే తడిపితే, తడి, పొడి చోట్లలో తమకు నచ్చినదాన్ని అవే ఎంచుకుంటాయి. గాజుపై ఎర్రని పారదర్శక కాగితం కప్పితే మంచిది. ఎరుపు వెలుగు చీమలకు అంతగా తెలియదు. రంగు గాజులను వాడి లబ్బక్ చేసిన ప్రయోగాలలోనూ చీమలు ఊదా రంగును వీడి ఎరుపు కిందికే చేరాయి.

పాత నాళికను విదిలించి చీమలను క్రొత్త గూటిలో వేయకూడదు. రెండింటినీ గొట్టంతో కలిపి, నాళికపై వెలుతురు పడనిస్తే, పిల్లలను నోట కరచుకొని అవే తరలివెళతాయి. గూటికి ఆనుకొని మేతకు ఒక చిన్న పెట్టె అమర్చి, దానిని నీళ్ళ పళ్ళెంలో ఉంచాలి. పెద్ద చీమలకు పంచదార నీటి చుక్క, ఎదిగే పిల్లలకు చచ్చిన ఈగ చాలు. కాని పురుగుమందు తగిలిన కీటకాన్ని వేస్తే కుటుంబమంతా నశిస్తుంది. నేరుగా ఎండ తగిలినా అంతే ప్రమాదం.

ఈ వినోదానికి ఒక చీకటి కోణమూ ఉంది. 2025లో కెన్యాలో సుమారు 5,000 రాణి చీమలను దూది పెట్టిన నాళికలలో దాచి ఉంచిన ఇద్దరు బెల్జియం యువకులు పట్టుబడ్డారు. న్యాయస్థానం ఒక్కొక్కరికి పది లక్షల కెన్యా షిల్లింగుల జరిమానా విధించింది. ఒకచోటి చీమ మరొకచోట చేరితే అక్కడి ప్రాణులకు చేటు కలగవచ్చు. రాణులు తరలిపోతే వాటి సొంత నేలకు నష్టం. కనుక మన పరిసరాలలో దొరికిన చీమనే పెంచాలి. పెంచలేనినాడు దొరికిన చోటనే విడిచిపెట్టాలి.

ప్రయోగశాలలో ఒక నల్లచీమ రాణి 28 ఏళ్ళకు పైగా జీవించినట్లు నమోదైంది. అది ఇంచుమించు ఒక ఉద్యోగి సర్వీసు కాలం! నాళికలో రాణిని ఉంచే ముందు ఆ బాధ్యతను ఇంటిల్లిపాదీ ఆలోచించుకోవాలి. బదిలీ ఉత్తర్వు వచ్చిననాడు సామానుతోపాటు ఆ చిన్న గూటిని ఏమి చేయాలన్నది కూడా అందులో భాగమే.